అమెరికాలో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నరసరావుపేటలో ఇంటర్ ఎంపీసీ చదివి, అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీలో నాలుగేళ్లు డిగ్రీ చేశాను. మొత్తం కాలేజీకి 1,500 మంది పిల్లలు. నేను చదివిన ఇంటర్ కాలేజీలో ఫస్టియర్ వాళ్లే అంతకంటే ఎక్కువ ఉండేవాళ్లు. ఈ రకం కాలేజీల గురించి తెలుగులో చెప్పే మనిషి అప్పట్లో నాకు దొరకలేదు. ఇప్పుడు ఏటా దసరా సెలవులు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి తల్లిదండ్రులు చేస్తారు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడినవాళ్లు చేస్తారు. ఒక్కోసారి ఇంట్లో ఇంకా చెప్పని పిల్లలు కూడా చేస్తారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

లిబరల్ ఆర్ట్స్ అంటే మన ఆర్ట్స్ గ్రూపేనా?

కాదండీ. సగం మంది ఈ పేరు దగ్గరే ఆగిపోతారు. మనకి ఆర్ట్స్ అంటే సీఈసీ, హెచ్ఈసీ. లెక్కలు రానివాళ్లు చేరే గ్రూపులని వాటికో ముద్ర కూడా వేసేశాం. అది ఆ గ్రూపులకి చేసిన అన్యాయం, ఆ సంగతి మరోసారి. ఇక్కడ ‘లిబరల్ ఆర్ట్స్’ అన్నది పాత యూరప్ మాట. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం, ఈ ఏడూ స్వతంత్రుడైన మనిషి నేర్చుకోవాల్సిన విద్యలని అనేవాళ్లు. అంటే లెక్కలూ నక్షత్రాలూ మొదటి నుంచీ ఇందులో భాగమే. ఇవాళ ఈ కాలేజీల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, చరిత్ర, తత్వశాస్త్రం, భాషలు అన్నీ ఉంటాయి.

పద్ధతి ఏమిటంటే, చేరేటప్పుడే గ్రూపు తేల్చుకోనక్కర్లేదు. సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు. మొదటి రెండేళ్లు అటూ ఇటూ తిరిగి చూసి, రెండో ఏడు ముగిసేలోపు మేజర్, అంటే ప్రధానంగా చదివే సబ్జెక్టు, ప్రకటించాలి. కొన్నిచోట్ల సైన్సు ఇన్ని, భాష ఇన్ని అని నియమాలుంటాయి. కొన్నిచోట్ల దాదాపు ఏమీ ఉండవు. అయోవాలోని గ్రినెల్‌లో అందరూ తప్పనిసరిగా చదవాల్సింది మొదటి ఏడాది ‘ట్యుటోరియల్’ అనే చిన్న క్లాసు ఒక్కటే. నేను ఫిజిక్స్‌లో చేరాలని వెళ్లి, ఎకనామిక్స్, గణితం రెండు మేజర్లతో బయటికొచ్చాను. మధ్యలో ఒక సెమిస్టర్ కుండలు చెయ్యడం కూడా నేర్చుకున్నాను.

కాలేజీకీ యూనివర్సిటీకీ తేడా ఏమిటి? కాలేజీ అంటే చిన్నదనేగా?

మన దగ్గర యూనివర్సిటీ కింద కాలేజీలుంటాయి కాబట్టి కాలేజీ అంటే ఒక మెట్టు కిందిది అనుకుంటాం. అక్కడ అలా కాదు. ఈ కాలేజీలు దేనికీ అనుబంధం కావు, డిగ్రీ సొంతంగా ఇస్తాయి. విలియమ్స్ కాలేజీ 1793లో మొదలైంది, ఆమ్‌హర్స్ట్ 1821లో. వీటిలో పీజీ విద్యార్థులు ఉండరు, లేదా బహు కొద్దిమంది ఉంటారు. తేడా అంతా అక్కడి నుంచే వస్తుంది. పెద్ద యూనివర్సిటీలో ప్రొఫెసర్ మూడొందల మందికి లెక్చర్ ఇస్తే, పేపర్లు దిద్దేదీ ల్యాబ్ నడిపేదీ ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులే. వీటిలో ఆ మధ్యవాళ్లు లేరు. పాఠం చెప్పేదీ, పేపరు దిద్దేదీ, ల్యాబ్‌లో పక్కన నిలబడేదీ ఒక్కరే.

నా మొదటి క్లాసు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద బల్ల, చుట్టూ 14 కుర్చీలు, 14వది ప్రొఫెసర్‌ది. బోర్డు వెనక గోడకెక్కడో ఉంది, దాని వంక ఎవరూ చూడటం లేదు. నేను అలవాటుగా వెనక బెంచీ కోసం వెతికాను. గుండ్రటి బల్లకి వెనక బెంచీ ఎక్కడుంటుంది? ముందు రాత్రి 40 పేజీలు చదవమన్నారు, చదివాను. దాదాపు కంఠతా పట్టాను. ఆయన నా వైపు తిరిగి, “ఇరవయ్యో పేజీలో రచయిత పొరపాటు పడ్డాడని నీకు అనిపించిందా?” అన్నారు. అచ్చులో ఉన్నది తప్పయ్యే వీలుందని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు. “నో సర్” అన్నాను. ఆయన ఊరుకోలేదు, అలాగని కసరనూ లేదు. చేతులు కట్టుకుని ఎదురుచూశారు. గది వేడి చేసే పైపు టిక్కుటిక్కుమంటోంది. చివరికి ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు గానీ, ఆ మాట ఆయన రాసుకోవడం గుర్తుంది. తర్వాతి వారం ‘నువ్వు మొన్న అన్నావే’ అంటూ అక్కడి నుంచే పాఠం ఎత్తుకున్నారు.

ఈ చదువు గురించి ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే: ఇక్కడ దాక్కోవడం కుదరదు. చదవకుండా వెళ్తే తెలిసిపోతుంది. వారం రోజులుగా మొహం దిగులుగా ఉన్నా తెలిసిపోతుంది. ఇది కొందరికి వరం, కొందరికి నరకం. మీ బిడ్డ ఏ రకమో ముందే ఆలోచించుకోండి.

ఫిజిక్స్ చదివితే కూడా బీఏ ఇస్తారట. చుట్టాలకి ఏమని చెప్పుకోవాలి?

ఆమ్‌హర్స్ట్‌లో ఏం చదివినా ఇచ్చేది బీఏ ఒక్కటే. ఫిజిక్స్‌లో బీఏ, కంప్యూటర్ సైన్స్‌లో బీఏ. అక్కడి పీహెచ్‌డీ కమిటీలూ కంపెనీలూ చూసేది ఏ కోర్సులు చేశారు, ఎలా చేశారన్నదే. పొమోనా కాలేజీలో బీఏ చేసిన జెన్నిఫర్ డౌడ్నాకి 2020లో, గ్రినెల్‌లో బీఏ చేసిన థామస్ చెక్‌కి 1989లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చాయి. చుట్టాలకి ఈ రెండు పేర్లు చెప్పండి. ఇండియాకి తిరిగొచ్చి ప్రభుత్వ ఉద్యోగమో పీజీయో చెయ్యాలంటే మాత్రం విదేశీ డిగ్రీకి సమానత్వ ధ్రువపత్రం తీసుకోవాల్సి రావచ్చు. అది బీఏకైనా బీఎస్‌కైనా ఒకటే.

ఈ కాలేజీల పేర్లు ఎవరికీ తెలియవు. అలాంటి చోటికి పంపి ఏం లాభం?

మన వీధిలో తెలియవు, నిజమే. మా నాన్నగారు బ్యాంకులో మా కాలేజీ పేరు చెబితే, క్లర్కు మూడుసార్లు స్పెల్లింగ్ అడిగి, “యూనివర్సిటీ కాదాండీ?” అన్నాడట. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన భోజనం చెయ్యలేదు.

కానీ పేరు వేరు, పని వేరు. 1947 డిసెంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది, ఇవాళ్టి చిప్పులకి మూలం అదే. మరుసటి ఏడే గ్రినెల్‌లో ఫిజిక్స్ చెప్పే గ్రాంట్ గేల్ అనే ప్రొఫెసర్ దాని గురించి పేపర్లో చదివి, దాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకరైన జాన్ బార్డీన్‌తో ఉన్న పాత పరిచయం కొద్దీ విషయం రాబట్టి, తన క్లాసులో పాఠంగా పెట్టేశారు. పెద్దపెద్ద యూనివర్సిటీలే ఇంకా మొదలుపెట్టని పాఠం అది. ఆ క్లాసులో కూర్చున్న కుర్రాడు రాబర్ట్ నాయిస్. 1949లో గ్రినెల్‌లో డిగ్రీ, 1959లో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే చిప్పు, 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్. మన పిల్లలు ఏ చిప్పుల మీద బతుకుతున్నారో ఆ కథ చేల మధ్య ఉన్న ఒక చిన్న క్లాసులో మొదలైంది. అందరూ నాయిస్‌లు అవుతారని నేను అనను. కానీ ఆ క్లాసు చిన్నది కాబట్టే అది సాధ్యమైందని నమ్ముతాను.

ఒక జాగ్రత్త: పేర్లు చూసి మోసపోకండి. అయోవాలోనే కార్నెల్ కాలేజీ ఉంది, 1853 నాటిది. న్యూయార్క్‌లోని కార్నెల్ యూనివర్సిటీ దాని తర్వాత 1865లో పుట్టింది. రెండింటికీ సంబంధం లేదు. ఆ కార్నెల్ కాలేజీలో, కొలరాడో కాలేజీలో ఒకసారి ఒకే కోర్సు చదువుతారు, మూడున్నర వారాలు అదే లోకం. కొందరు పిల్లలకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఇంజనీరింగ్ ఉంటుందా?

చాలావాటిలో ఉండదు. ఉన్నవీ కొన్ని ఉన్నాయి: స్వార్త్‌మోర్, హార్వీ మడ్, లఫాయెట్, ఆడపిల్లల కాలేజీ అయిన స్మిత్. ఇవి కాక ‘మూడు-రెండు’ పద్ధతి ఒకటుంది. చిన్న కాలేజీలో మూడేళ్లు, కొలంబియా లాంటి యూనివర్సిటీలో రెండేళ్లు చదివితే రెండు డిగ్రీలు వస్తాయి. కాగితం మీద చక్కగా ఉంటుంది. కానీ ఆ చివరి రెండేళ్లకి చిన్న కాలేజీ ఇచ్చిన ఆర్థిక సాయం మీతో రాదు, అవతలివాళ్లు విదేశీ విద్యార్థికి ఇస్తారన్న భరోసా లేదు. ఆ సంగతి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకుండా దాన్ని నమ్ముకోవద్దు. సివిల్, మెకానికలే కావాలని గట్టిగా ఉన్న పిల్లాడికి నేను ఈ కాలేజీలు చెప్పను.

మెడిసిన్?

అమెరికాలో డిగ్రీ అయ్యాకే మెడిసిన్, అది మరో నాలుగేళ్లు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న మన ఇళ్ల పిల్లలకి ఈ కాలేజీలు మంచి దారే. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లని అక్కడి మెడికల్ కాలేజీల్లో ఎక్కువ శాతం తీసుకోవు. ఆ ఆశతో పంపకండి.

ఖర్చు ఎంత? మాలాంటివాళ్లకి అందుతుందా?

ఈ ప్రశ్నకి నిదానంగా జవాబు చెప్పాలి. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే.

ఫీజు, హాస్టలు, భోజనం అన్నీ కలిపి పేరున్న కాలేజీల్లో ఏడాదికి 80,000 డాలర్లు దాటుతుంది. మన డబ్బులో 70 లక్షల చుట్టుపక్కల. ఆ అంకె చూసి ఫోన్ పెట్టేసేవాళ్లున్నారు. ఆగండి. చాలామంది ఆ అంకె కట్టరు. మీ కుటుంబం ఎంత కట్టగలదో కాలేజీ లెక్కగట్టి, మిగతాది తన నిధుల నుంచి ఇస్తుంది. ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. గ్రినెల్, మెకాలెస్టర్, వాసర్ లాంటివి చేర్చుకున్న ప్రతి విద్యార్థికీ, విదేశీయులతో సహా, ఆ లోటు మొత్తం పూడుస్తాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఎక్కువ కాలేజీలు విదేశీ విద్యార్థి ఎంత సాయం అడుగుతున్నాడో చూసి మరీ సీటు నిర్ణయిస్తాయి. ఎక్కువ అడిగితే పోటీ ఎక్కువ. అడిగిన మొత్తం చూడకుండా నిర్ణయించే చిన్న కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, వాటిలో ఆమ్‌హర్స్ట్, బోడిన్ ఉన్నాయి. వాటిలో సీటు దొరకడం మహా కష్టం. మరో దారి మెరిట్ స్కాలర్‌షిప్. వూస్టర్, డెనిసన్ లాంటివి మార్కులూ వ్యాసమూ చూసి ఫీజులో కొంత తగ్గిస్తాయి. అప్పుడు మిగతాది మీరే కట్టాలి.

‘ముందు సాయం వద్దని చెప్పి చేరిపోదాం, తర్వాత అడుగుదాం’ అని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అడ్మిషన్ సమయంలో అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ సాయం ఇవ్వమని చాలా కాలేజీలు స్పష్టంగా నియమం పెట్టుకున్నాయి. పొలం అమ్మి మొదటి ఏడాది ఫీజు కట్టి, రెండో ఏడాది కాలేజీ వదిలి తిరిగొచ్చిన పిల్ల నాకు తెలుసు. బాగా చదివే పిల్ల.

సాయానికి సాధారణంగా నింపాల్సింది సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం. ఫాఫ్సా అనే అమెరికా ప్రభుత్వ సాయం ఫారం పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ. ప్రొఫైల్‌లో జీతం, ఇల్లు, పొలం, అప్పులు అన్నీ రాయాలి. జీతగాళ్లకి ఫారం-16, ఐటీ రిటర్నులు చాలు. వ్యవసాయం చేసే ఇళ్లలోనే చిక్కు. మా ఇంట్లో రిటర్నులే లేవు. మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌బుక్ నకలు, ఒక ఆడిటర్ రాసిన ఉత్తరం, వాటికి ఇంగ్లీష్ అనువాదం, ఇవి కాక మిరప పంటకి ఆ ఏడాది ఎంత పెట్టాం, ఎంతొచ్చింది అని నాన్నగారి నోట్‌బుక్కు చూసి నేనే రాసిన ఒక పేజీ పంపాం. ఆర్థిక సాయం ఆఫీసు నుంచి ఒకావిడ ఈమెయిల్ రాశారు: క్వింటాల్ అంటే ఎన్ని కిలోలు, కౌలు అంటే ఏమిటి అని. ఓపిగ్గా అర్థం చేసుకున్నారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆదాయం దాచినా, లేని ఆస్తి చూపినా తర్వాత వీసా దగ్గర కాగితాలు పొంతన కుదరవు.

ఇంటర్ చదివినవాళ్లకి అడ్మిషన్ ఎలా?

ఎంట్రన్స్ ర్యాంకు ఉండదు. కామన్ యాప్ అనే ఒకే దరఖాస్తుతో చాలా కాలేజీలకి పంపొచ్చు. తొమ్మిది, పది, ఇంటర్ మార్కులు, టీచర్ల ఉత్తరాలు, 650 పదాలు మించని ఒక వ్యాసం, ఇంగ్లీష్ పరీక్షల్లో టోఫెల్‌గానీ ఐఎల్ట్స్‌గానీ డ్యూలింగోగానీ కావాలి. శాట్ అనే పరీక్ష చాలాచోట్ల ఐచ్ఛికం. గడువులు నవంబర్ మొదట్లో కొన్ని, జనవరి మొదట్లో ఎక్కువ. నవంబర్‌లో ‘ఎర్లీ డెసిషన్’ కింద వేస్తే, సీటొస్తే చేరతామని మాటిచ్చినట్టే. కాలేజీ ఇచ్చే సాయం సరిపోకపోతే తప్ప వెనక్కి తగ్గకూడదు.

మన పిల్లలకి అసలు అడ్డంకి ఉత్తరాల దగ్గర. నా ఇంటర్ కాలేజీలో ఆఫీసు గుమ్మం దగ్గర పదకొండు రోజులు నిలబడ్డాను. “స్టడీ సర్టిఫికెట్ ఇస్తాం, బోనఫైడ్ ఇస్తాం, నీ గురించి ఉత్తరం రాయడానికి నువ్వెవరో ఎవరికి తెలుసు?” అన్నారు. నా సెక్షన్‌లో 90 మంది, నిజంగానే ఎవరికీ తెలియదు. చివరికి పదో తరగతిలో లెక్కలు చెప్పిన మేష్టారు రాశారు. తెలుగులో రాసిస్తే దాన్ని ఇంగ్లీష్ మేడమ్ అనువదించి సంతకం పెట్టారు. అందుకే చెబుతున్నాను, పదో తరగతి మేష్టార్లతో సంబంధం తెంచుకోకండి. అడిగేటప్పుడు కనీసం నెల రోజులు గడువివ్వండి.

వ్యాసం కన్సల్టెన్సీ చేత రాయించకండి. చదివేవాళ్లకి తెలిసిపోతుంది. మరో మాట: నాకు ఎదురైన కన్సల్టెన్సీలు ఈ కాలేజీల ఊసెత్తలేదు. కమిషన్ ఇచ్చే యూనివర్సిటీల పేర్లే ఎత్తారు. వాళ్లకి తెలియనంత మాత్రాన కాలేజీ లేదని కాదు.

వీసా ఇంటర్వ్యూలో ‘ఈ కాలేజీ ఏమిటి?’ అంటే?

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. కాలేజీ పంపే ఐ-20 ఫారం, విదేశీ విద్యార్థుల నమోదుకి కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్ల రసీదు, సాయం ఉత్తరం చేతిలో ఉంచుకోండి. ‘ర్యాంకింగ్ బాగుంది’ లాంటి జవాబు వద్దు. ఏ మేజర్ అనుకుంటున్నారు, అక్కడి ఏ కోర్సు మిమ్మల్ని లాగింది, డబ్బు ఎవరిస్తున్నారు, ఈ మూడూ మీ మాటల్లో చెప్పగలిగితే చాలు. అధికారులకి ఈ రకం కాలేజీలు కొత్త కాదు, వాళ్లలోనే వీటిలో చదివినవాళ్లుంటారు.

మా అబ్బాయికి ఇంగ్లీష్ మాట్లాడాలంటే భయం. నెగ్గుకొస్తాడా?

భయం పోతుంది, మాటలు వస్తాయి. అసలు కష్టం రాతలో ఉంది. మొదటి సెమిస్టర్‌లో నేను రాసిన చరిత్ర వ్యాసం ఆకుపచ్చ సిరాతో నిండి తిరిగొచ్చింది. రెండో పేజీ అంచున ప్రొఫెసర్ ఇలా రాశారు: ‘ఇది నువ్వంటున్నావా, పుస్తకం అంటోందా?’ ఒక పుస్తకంలోంచి మూడు వాక్యాలు యథాతథంగా దించేశాను. మన పద్ధతిలో అది గౌరవం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఫుల్ మార్కులు. అక్కడ అది దొంగతనం కింద లెక్క. నాది మొదటి తప్పని, తెలియక చేశానని ఆమె నమ్మారు కాబట్టి మళ్లీ రాయమన్నారు. కమిటీకి వెళ్తే సస్పెన్షన్ దాకా పోవచ్చు. ఎవరి మాట తీసుకుంటే వాళ్ల పేరు చెప్పడం, కొటేషన్ పెట్టడం ఇక్కడే ఇంటి దగ్గర నేర్చుకుని వెళ్లండి.

ప్రతి కాలేజీలో రైటింగ్ సెంటర్ ఉంటుంది, డబ్బులడగరు. ఆఫీస్ అవర్స్ అని ప్రతి ప్రొఫెసర్ వారంలో కొన్ని గంటలు తలుపు తెరిచి కూర్చుంటారు. మన పిల్లలు ‘సారుని ఇబ్బంది పెట్టకూడదు’ అని వెళ్లరు. వెళ్లాలి. ఆ గంటలకే మీరు అంత డబ్బు కడుతున్నది. పేరు పెట్టి పిలవమంటారు కొందరు ప్రొఫెసర్లు. నాకు నాలుగేళ్లూ నోరు రాలేదు, ‘ప్రొఫెసర్’ అనే పిలిచాను, ఎవరూ తప్పు పట్టలేదు.

పరీక్షలకి ఇన్విజిలేటర్ ఉండడంటే నిజమేనా?

కొన్నిచోట్ల నిజం. ఫిలడెల్ఫియా దగ్గరి హావర్‌ఫర్డ్‌లో ఫైనల్ పరీక్షలు ఎప్పుడు రాయాలో పిల్లలే ఎంచుకుంటారు, కాపలా ఎవరూ ఉండరు. ఆనర్ కోడ్ అని విద్యార్థులే నడిపే నియమావళి ఉంటుంది. స్క్వాడ్ వస్తోందంటే కాళ్లు వణికిన హాళ్లలో పరీక్షలు రాసిన నాకు, మా కాలేజీలో ఒక ప్రొఫెసర్ పేపరు కవర్లో పెట్టిచ్చి ‘మూడు గంటలు చూసుకుని రాసుకో, రేపు తెచ్చియ్యి’ అన్నప్పుడు చాలాసేపు ఆ కవరు తెరవబుద్ధి కాలేదు.

చర్చి కాలేజీలంటున్నారు, మతం మారుస్తారా?

చాలావాటిని 19వ శతాబ్దంలో చర్చిలే పెట్టాయి, 1864లో స్వార్త్‌మోర్‌ని క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు పెట్టినట్టు. మనకీ ఇది కొత్త కాదు. గుంటూరు ఏసీ కాలేజీని 1885లో అమెరికా లూథరన్ మిషన్ వాళ్లు పెట్టారు, ఎన్టీఆర్ అక్కడే బీఏ చదివారు. ఇవాళ పేరున్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో ఎక్కువ భాగం మతంతో పని లేకుండా నడుస్తున్నాయి. కొన్నింట్లో ఇప్పటికీ చాపెల్‌కి, అంటే కాలేజీ ప్రార్థనకి, హాజరు తప్పనిసరి. వెబ్‌సైట్‌లో ‘విశ్వాస ప్రకటన’ లాంటిది ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

చలి, తిండి, ఒంటరితనం?

అయోవాలో జనవరిలో మైనస్ 20 చూశాను. కోటు ఇక్కడ కొనకండి, అక్కడ కొనుక్కోండి. మన దగ్గర దొరికేది ఆ చలికి ఆగదు. క్యాంపస్‌లోనే హాస్టలు, మెస్సు. శాకాహారం దొరుకుతుంది, కానీ మూడో వారానికి నాలుక ఎదురు తిరుగుతుంది. గదిలో రైస్ కుక్కర్ చాలాచోట్ల నిషేధం, పొగ అలారం మోగితే బిల్డింగంతా బయట మంచులో నిలబడాలి. ప్రతి అంతస్తులోనో బిల్డింగులోనో ఉమ్మడి వంటగది ఉంటుంది. కందిపొడి, నెయ్యి, మెస్సులో తెచ్చుకున్న వేడన్నం, ఈ మూడూ నన్ను నాలుగు శీతాకాలాలు నడిపించాయి. ఇండియన్ స్టోరు గంట ప్రయాణం, కారున్నవాళ్లని బతిమాలుకోవాలి.

డల్లాస్‌లోలా తెలుగు సంఘం, ఉగాది కార్యక్రమాలు ఆ ఊళ్లలో ఉండవు. మొత్తం కాలేజీకి తెలుగువాళ్లం ఇద్దరం. దీనివల్ల బాధ ఉంది, నేను దాచను. రెండో ఏడు సంక్రాంతి రోజు ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చాను. కానీ అందరూ అందరికీ తెలిసే చోటు కాబట్టి, ఊళ్లో ఒక రైతు కుటుంబం నన్ను పండగలకి పిలవడం మొదలుపెట్టింది. చాలా కాలేజీల్లో ఇలా విదేశీ పిల్లలకి ఊరి కుటుంబాలని జతచేసే ఏర్పాటుంది, అడిగి పేరివ్వండి. సెలవుల్లో హాస్టలు మూసేస్తారా, ఉండనిస్తారా అన్నది కూడా చేరకముందే అడగండి.

ఉద్యోగం వస్తుందా?

చదివేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చెయ్యొచ్చు. నేను లైబ్రరీలో పుస్తకాలు సర్దాను. డిగ్రీ అయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద ఏడాది, మీ మేజర్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే మరో 24 నెలలు ఉద్యోగం చెయ్యొచ్చు. చాలా కాలేజీలు ఎకనామిక్స్‌ని కూడా ఆ జాబితాలోకి వచ్చేలా నమోదు చేసుకున్నాయి. మేజర్ కోడ్ ఏమిటో అడగండి. మూడేళ్ల పనికీ ఒక్క ఏడాది పనికీ తేడా ఆ కోడ్‌లోనే ఉంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా నియమాలు మాటిమాటికీ మారుతున్నాయి, వాటిని నమ్ముకుని నాలుగేళ్ల ముందు లెక్కలు వెయ్యొద్దు.

పెద్ద కంపెనీలు ఇంత చిన్న క్యాంపస్‌కి గుంపులుగా రావు. మీరే వెతుక్కోవాలి, పూర్వ విద్యార్థులకి ఉత్తరాలు రాయాలి. వాళ్లు జవాబిస్తారు, అది ఈ కాలేజీల అలవాటు. పీహెచ్‌డీకి వెళ్లాలనుకుంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు అరుదు. పిల్లల సంఖ్యతో పోల్చి చూస్తే పీహెచ్‌డీలు చేసేవాళ్ల శాతంలో స్వార్త్‌మోర్, రీడ్, కార్ల్‌టన్, గ్రినెల్ దేశంలోనే ముందు వరసలో ఉంటాయి. వేసవిలో ప్రొఫెసర్‌తో రీసెర్చ్ చేసే అవకాశం, పోటీపడే పీజీవాళ్లు లేకపోవడంతో, డిగ్రీ పిల్లలకే వస్తుంది, దానికి డబ్బు కూడా ఇస్తారు. ఆ ప్రొఫెసర్ రాసే ఉత్తరంలో మీ గురించి రెండు పేజీల నిజం ఉంటుంది.

చిన్న కాలేజీలు మూతపడుతున్నాయట?

అవును, ఈ భయం సబబైనదే. న్యూయార్క్ రాష్ట్రంలో 1868 నుంచి నడిచిన వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ చివర్లో ప్రకటించి, ఆ సెమిస్టర్‌తోనే మూసేసింది. అలబామాలో బర్మింగ్‌హామ్-సదరన్ అదే ఏడు మే నెలలో మూతపడింది. పిల్లలు తగ్గుతున్నారు, ఫీజుల మీదే బతికే కాలేజీలు నిలబడలేకపోతున్నాయి. గ్రినెల్ లాంటివాటికి 200 కోట్ల డాలర్లకి పైగా మూలనిధి ఉంది, వాటికి ఆ బెంగ లేదు. కాబట్టి చేరేముందు మూడు చూడండి: మూలనిధి ఎంత, గత ఐదేళ్లలో విద్యార్థుల సంఖ్య పెరిగిందా తరిగిందా, కాలేజీకి గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ సంస్థ ఏదైనా హెచ్చరిక ఇచ్చిందా. ఇవన్నీ బహిరంగంగా దొరికేవే. స్కాలర్‌షిప్ విపరీతంగా ఇస్తున్న, పేరు వినని కాలేజీ అయితే మరీ జాగ్రత్త.

ఇలాంటి చదువు మన దగ్గర లేదా?

మొదలైంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది, హర్యానా సోనీపత్‌లో అశోకా ఉంది. ఫీజులు మన లెక్కలో తక్కువేమీ కాదు, సాయం అక్కడా అడగొచ్చు. పిల్లని సముద్రాలు దాటించడం ఇష్టం లేనివాళ్లు, లేదా అమెరికా సాయం దొరకనివాళ్లు ముందు శ్రీసిటీ వెళ్లి ఒక రోజు చూసి రండి. నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు.

ఇంట్లో నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఎలా చెప్పాలి?

కాలేజీ ఫోటోలు చూపించకండి, పని చెయ్యవు. ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు గీతలు గీయండి. ఏడాదికి మొత్తం ఖర్చు, కాలేజీ ఇచ్చేది, మనం కట్టేది, విమానం టికెట్లూ పుస్తకాలూ. పక్కనే, బీటెక్ నాలుగేళ్లూ ఆ తర్వాత అమెరికాలో ఎంఎస్ రెండేళ్లూ అయ్యే ఖర్చు అదే పద్ధతిలో రాయండి. సాయం బాగా వచ్చిన ఇళ్లలో మొదటి వరస రెండోదానికంటే తక్కువ తేలడం నేను చాలాసార్లు చూశాను. తక్కువ తేలకపోతే ఆయన వద్దనడంలో న్యాయం ఉంది, వినండి.

తేలితే, కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకి రాసి, నాన్నగారు మాట్లాడతారు, వీలు చూడండి అని అడగండి. వాళ్లు వీడియో కాల్ ఏర్పాటు చేస్తారు. మా నాన్నగారికి ఇంగ్లీష్ రాదు, నేనే మధ్యలో తర్జుమా చేశాను. ఆయన అడిగింది రెండే. పిల్లాడికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు, క్లాసుకి వెళ్లకపోతే ఎవరికి తెలుస్తుంది. అవతలి మనిషి మొదటిదానికి హెల్త్ సెంటర్ ఫోన్ నంబర్ ఇచ్చారు. రెండోదానికి, “ఆ పూటే తెలుస్తుందండీ, బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది కదా” అన్నారు. నాన్నగారు ఆ నంబర్ డైరీలో రాసుకుని, పాస్‌పోర్టుకి ఫోటోలు ఎక్కడ తీస్తారని అమ్మని అడిగారు.